రన్‌వే దాటానన్న మాట

మా విమానాశ్రయం గోడల నిండా గొప్పవాళ్ల ఫొటోలు ఉన్నాయి. రిబ్బన్లు కత్తిరించినవాళ్లు, రాళ్లు పాతినవాళ్లు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా నవ్వుతున్నవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు రన్‌వేని కంటితో ఊడ్చిన మనిషి ఫొటో మాత్రం ఎక్కడా లేదు. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కూర్చున్నప్పుడల్లా రెండు ముక్కలు రాసి లేచిపోయేదాన్ని. ఎందుకంటే ఆయనకు జరిగినదానిలో సగం నా వల్లే జరిగింది. అది దాచి ఆయన్ని పొగిడితే ఆ పొగడ్త నా గొంతులోనే అడ్డం పడుతుంది.

అందరూ ఆయన్ని బోల్టు బాబాయి అంటారు. ఒకటో నంబరు జీపు ఆయనది. రోజుకు ఆరుసార్లు, ఒక విమానం దిగి ఇంకోటి ఎగిరేలోపు దొరికే సందులో, రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస దాకా నేల చూస్తూ వెళ్తాడు. ఊడిపడిన బోల్టు, టైరు పీలిక, చచ్చిన పక్షి, గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచి, ఏది కనిపించినా దిగి తీసేస్తాడు. వేలెడంత ఇనపముక్క చాలు, ఇంజన్లోకి వెళ్తే ఇక విమానం గతి అంతే. సాయంత్రానికి ఆయన చొక్కా జేబు బరువుకి కిందికి వేలాడుతూ ఉండేది. "ముప్పై ఏళ్లుగా వాళ్ల రోడ్డు ఊడుస్తున్నాడు, ఇంట్లో ఒక్క గది ఊడ్చిన పాపాన పోలేదు," అంటుందట పిన్ని, అంటే ఆయన భార్య. ఈ మాట బాబాయే మాకు గర్వంగా చెప్పుకునేవాడు.

ఆయన ఇక్కడికి మొదట గడ్డి కోసే కూలీగా వచ్చాడు. రన్‌వే పక్కన గడ్డి పెరిగితే పక్షులు చేరతాయి, పక్షులు చేరితే విమానాలకి ముప్పు. అలా నాలుగేళ్లు కొడవలి పట్టుకుని, డ్రైవింగు నేర్చుకుని, రాత పరీక్షలో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కి జీపు ఎక్కాడు. ఆ తర్వాత దిగలేదు. రన్‌వే మీద ఏ పగులు ఏ వానాకాలంలో పుట్టిందో చెప్పగలడు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు మ్యాపు విప్పేలోపు ఈయన వేలు పెట్టి చూపించేసేవాడు. వాళ్లకి అది నచ్చేది కాదు. నచ్చకపోతే మానె, పగులు మాత్రం అక్కడే ఉండేది.

నేను టవర్లో కంట్రోలర్ని. ఏడంతస్తుల పైన, చుట్టూ అద్దాలున్న గదిలో నా కుర్చీ. నా ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రన్‌వే మీద ఒకేసారి ఇద్దరు ఉండకూడదు. రెండు విమానాలైనా సరే, ఒక విమానం, ఒక జీపు అయినా సరే, ఒకళ్లు పూర్తిగా బయటికి పోయాకే ఇంకొకళ్లు లోపలికి. పసిపిల్లలకి కూడా అర్థమయ్యే సూత్రం. దాన్ని రెండు నిమిషాలకో విమానం చొప్పున ఎనిమిది గంటలు పాటించి చూడండి, ఇంటికెళ్లాక సొంత పిల్లల పేర్లు కూడా తడుముకోవాలి.

ఇంత పనికీ మా దగ్గరున్న పెద్ద యంత్రం ఒక ఎర్ర చెక్క. జానెడు పొడవు. జీపు రన్‌వే మీదికి వెళ్లగానే దాన్ని నా ముందున్న బోర్డు మీద పెడతాను. అది అక్కడ ఉన్నంతసేపు ఏ విమానానికీ అనుమతి ఇవ్వకూడదు. జీపు బయటపడి "రన్‌వే దాటాను" అని రేడియోలో చెప్పాక చెక్క తీస్తాను. నేల మీద ఏ బండి ఎక్కడుందో చూపించే రాడార్ తెర వస్తోందని ఆరేళ్లుగా చెబుతున్నారు. దాని గురించిన కాగితాలు మాత్రం క్రమం తప్పకుండా వస్తున్నాయి.

రన్‌వే నుంచి బయటికి పోయే ప్రతి దారిలోనూ ఒక పసుపు గీత ఉంటుంది. జీపు తోకతో సహా ఆ గీత అవతలికి వెళ్లాకే దాటానని చెప్పాలి. రూలు అది. మా దగ్గర డ్రైవర్లు దారిలోకి స్టీరింగ్ తిప్పుతూనే చెప్పేసేవాళ్లు. అక్కణ్ణుంచి గీత దాటడానికి ఇంకో ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లు మాకు మిగిల్చేవాళ్లన్నమాట. రద్దీలో అదెంత ఉపకారమో మాకే తెలుసు. అది కూడా ఆలస్యంగా తోస్తే నేను "బాబాయ్, అయిందా?" అని అడిగేదాన్ని. విమానాలతో పుస్తకంలో రాసిన మాటలే మాట్లాడతాం. జీపులతో మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేవాళ్లం. బాబాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "ఆఁ, అయిందమ్మా, దాటేశా," అనేవాడు, ఇంకా తిరుగుతున్న జీపులోంచి.

మిగతా తొమ్మిది మంది డ్రైవర్లకి పని నేర్పింది ఆయనే. ఈ మర్యాదా ఆయనే నేర్పాడు.

డ్రైవర్లలో ఇంకో ఆనవాయితీ ఉండేది. రన్‌వే మీద బండి నడిపే పర్మిట్ మీద మచ్చ లేకుండా రిటైరయ్యే డ్రైవరు చివరి రోజు తన ఇంటి మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రన్‌వే మీద ఆఖరి రౌండు వేయొచ్చు. ఎక్కడా రాసి లేదు, పెద్దాఫీసరు ఊఁ అంటే జరిగిపోతుంది. బాబాయి పర్మిట్ కడిగిన ముత్యంలా ఉంది. ఇంకా పదకొండు నెలల సర్వీసు. పిన్ని ఆయనతో పాటు ఈ ఉద్యోగంతోనూ కాపురం చేసింది గానీ రన్‌వేని ఒక్కసారి చూసి ఎరగదు. మేడ మీద బట్టలు ఆరేస్తూ విమానాల పొట్టలు చూడడమే. ఆ రోజు దిగి రెండడుగులు నడవనిస్తారేమోనని అప్పుడే కొత్త చెప్పులు కొని అటక మీద దాచిందని బాబాయి చెప్పి మురిసిపోయేవాడు.

అది జరిగిన రోజు పొద్దున ఏడు దాటింది. సన్నగా ముసురు, దానికి తోడు పొగమంచు. టవరు నుంచి రన్‌వే మొదటి భాగం కనిపిస్తోంది, సగం నుంచి అవతల అంతా తెల్లగా ఉంది. ఎగరడానికి ఆరు విమానాలు వరసగా నిలబడ్డాయి. మొదటిదాని పైలట్ అప్పటికే రెండుసార్లు అడిగాడు. బాబాయి రన్‌వే మీద ఉన్నాడు, ఎర్ర చెక్క బోర్డు మీద ఉంది.

"బాబాయ్, అయిందా?" అన్నాను.

"వస్తున్నానమ్మా."

పది సెకన్లు గడిచాయో లేదో మళ్లీ అడిగాను. "అయిందా బాబాయ్? ఇక్కడ పీకల మీద కూర్చున్నారు."

"అయింది, మూడో దారిలో దాటేశా."

చెక్క తీశాను. విమానానికి ఎగరమని చెప్పాను.

మూడో దారి ఆ రోజు మూసేశారు. నేలలో దీపాలు మారుస్తూ అడ్డంగా బారికేడ్లు పెట్టారు. ఆ నోటీసు డ్రైవర్ల గదిలో ఉంది, దాని కింద బాబాయి సంతకం ఉంది. టవర్లోనూ ఉంది, దాని కింద నా సంతకం ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ దారిలోకి తిరిగిన చేతులు ఆయన్ని అడక్కుండానే తిరిగాయి. మూడో దారి అన్న మాట నా చెవిన పడింది, అది మూసేశారు కదా అన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆయన స్టీరింగ్ తిప్పాడు, మాట చెప్పాడు, అప్పుడు మంచులోంచి బారికేడ్లు బయటపడ్డాయి. బ్రేకు వేశాడు. జీపు మూతి బారికేడ్లకి ఆనింది, తోక ఇంకా రన్‌వే అంచు మీదే ఉంది. వెనక్కి తీద్దామంటే రేడియోలో నా గొంతు విమానాన్ని ఎగరమంటోంది.

మూడో దారి ఇంకాస్త దూరం ఉందనగా విమానం చక్రాలు నేల వదిలాయి. రెక్క జీపు కప్పు మీదుగా పోయింది. సగం ఖాళీగా వెళ్తున్న విమానం కాబట్టి సరిపోయింది, నిండుగా ఉంటే ఇంకా దూరం పరుగెత్తేది. అది పోయాక బాబాయి దిగి, బారికేడ్లు పక్కకి లాగి, జీపుని గీత దాటించాడు. పైన కూర్చున్న నాకు ఇదేమీ తెలియదు. ఆరు విమానాల వరస అయిదయిందని సంతోషించాను.

మధ్యాహ్నం డ్యూటీ దిగే వేళకి బాబాయి టవరు పైకి వచ్చాడు. లిఫ్టు ఆఫీసర్ల కార్డుకే తెరుచుకుంటుంది. ఆ మోకాళ్లతో ఏడంతస్తులు మెట్లెక్కి వచ్చాడంటేనే ఏదో జరిగిందని అర్థమైంది. పై మెట్టు మీదే కూలబడి, ఆయాసం తీరాక జరిగింది జరిగినట్టు చెప్పాడు. 

"రెక్కకున్న నీళ్లు అద్దం మీద పడ్డాయమ్మా," అన్నాడు. "ఆపమని అరవాల్సింది. రేడియో చేతిలోనే ఉంది. నోరు రాలేదు. అప్పుడే దాటేశానన్న నోరు కదా, దాటలేదని ఎలా అంటుంది?"

నేను అన్న మొదటి మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "ఎవరూ చూడలేదు కదా బాబాయ్," అన్నాను.

"చూడలేదు."

"పైలట్ కూడా ఏమీ అనలేదు, మంచులో కనపడి ఉండదు. నెల తిరిగితే రేడియో మాటలు రికార్డయిన టేపు కూడా చెరిగిపోతుంది. నీకున్నది పదకొండు నెలలు. పిన్ని రౌండు..."

"అదంతా మెట్లెక్కుతూ అనుకున్నాలే. ఏడంతస్తులూ అదే అనుకున్నా." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేనొక్కణ్ణే అయితే నోరు మూసుకుని, ఇక మీద ఒళ్లు దగ్గర పెట్టుకునేవాణ్ణి. తొమ్మిది మందికి నేర్పానమ్మా. తిప్పగానే చెప్పేయండ్రా, పైవాళ్లకి పని తేలికవుతుంది అని. రేపు వాళ్లలో ఒకడు చెబుతాడు, నువ్వు నమ్ముతావు."

"అయితే వాళ్లకి నువ్వే మెల్లగా చెప్పుకో. కాగితం మీద పెట్టడం ఎందుకు?"

"ఎందుకు మానేయాలి బాబాయ్, ఇన్నేళ్లు ఏమైంది అంటారు వాళ్లు. ఏమీ కాలేదని దాచిపెట్టి, ఏదో అవుతుందని ఏ మొహంతో చెప్పను?"

నా బల్ల దగ్గరే కూర్చుని రిపోర్టు రాశాడు. ఒకటిన్నర పేజీ, ప్రతి అక్షరం విడివిడిగా. నేను రెండుసార్లు అడిగిన సంగతి అందులో లేదు. నోటీసు మీద నా సంతకం ఉన్న సంగతీ లేదు. అవి కూడా రాయమన్నాను. "నీది నువ్వు రాసుకో, నాదే నాకు చేతులు నొప్పెడుతున్నాయి," అన్నాడు. నేనూ రాశాను. ధైర్యం ఉండి కాదు. ఆ మనిషి ఎదురుగా కూర్చుని రాయకుండా ఉండడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

మూడు వారాలకి విచారణ జరిగింది. ఏసీ గది, పొడుగు బల్ల, ముగ్గురు ఆఫీసర్లు, మూత తీయని నీళ్ల సీసాలు. టేపు వినిపించారు. సొంత గొంతుని అలాంటి గదిలో వినడం పగవాళ్లకి కూడా వద్దు. ఎవరో ఆడమనిషి చిరాగ్గా అంటోంది, ఇక్కడ పీకల మీద కూర్చున్నారు అని. వినగా వినగా అది నేనే.

మధ్యలో కూర్చున్న పెద్దాఫీసరు చెడ్డవాడేమీ కాదు. ఆయనకి ఫైలు మూసేయాలని ఉంది, అంతే. "ముసురు కదా, తడి నేల. బ్రేకు సరిగా పడలేదేమో ఒకసారి గుర్తు చేసుకోండి," అన్నాడు బాబాయితో. "బండి లోపమైతే వర్క్‌షాపువాళ్లు చూసుకుంటారు. మీ పర్మిట్ జోలికి రావాల్సిన పని ఉండదు."

గదిలో అందరికీ అర్థమైంది. బాబాయికి అందరికంటే ముందే అర్థమైంది.  ఊఁ అను బాబాయ్, ఊఁ అనేయ్ అని నేను లోపల ఎంత గింజుకున్నానో చెప్పలేను. పర్మిట్ పోతే రౌండూ పోయి పిన్ని కొత్త చెప్పులు అటక మీదే ఉండిపోతాయని ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

"బ్రేకు బాగానే పడిందండి," అన్నాడు చివరికి. "పడబట్టే బారికేడ్ల దగ్గర ఆగాను. లోపం బండిది కాదు. దాటకుండానే దాటానని చెప్పాను. నేనే కాదు, ఇక్కడ అందరం అలాగే చెబుతాం, ఏళ్ల తరబడి చెబుతున్నాం. బ్రేకు అని రాస్తే మీరు బ్రేకు బాగు చేయిస్తారు. రేపు మేం మళ్లీ అలాగే చెబుతాం."

"అందరి సంగతి ఇప్పుడెందుకండీ?" అన్నాడు పక్కన కూర్చున్న ఆఫీసరు.

"అందరి సంగతే ఇదండీ."

నేను లేచి, తొందరపెట్టింది నేనేనని, మూసేసిన దారి పేరు విని కూడా చెక్క తీశానని చెప్పాను. రాసుకున్నారు.

ఏడు వారాలకి ఉత్తర్వు వచ్చింది. బాబాయి పర్మిట్ రద్దు, స్టోర్సుకి బదిలీ. నాకు పదిహేను రోజులు శిక్షణ, తర్వాత మళ్లీ అదే కుర్చీ. మేడ మీదివాళ్లు తప్పు చేస్తే శిక్షణ, నేల మీదివాళ్లు చేస్తే శిక్ష. ఇదేం న్యాయమని పెద్దాఫీసరుని అడిగాను. రూల్సులో ఉన్నదే చేశామన్నాడు. వెళ్లి చదివాను, నిజంగానే డ్రైవర్లకి మళ్లీ శిక్షణ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇక అలవాటు గురించి ఆ ఉత్తర్వులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. డ్రైవర్లు తగు జాగ్రత్త వహించవలెను. వహించవలెనట! ఇంత రాయడానికి ఏడు వారాలు.

స్టోర్సు అంటే సరుకుల గోదాము వెనక కిటికీ లేని గది. బాబాయి అక్కడ బల్బులు, చేతి తొడుగులు, మెరిసే జాకెట్లు రాసి ఇస్తూ కూర్చున్నాడు. విమానాల మోత వినిపిస్తుంది, కనిపించవు. అయితే ఏ డ్రైవరైనా ఏదో ఒకదానికి అక్కడికి రాక తప్పదు. వచ్చినవాణ్ణల్లా స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ పొద్దున సంగతి మొదటి నుంచీ చెప్పేవాడు. తన తప్పు తాను చెప్పుకోవడం ఎంత కష్టమో, దాన్ని తొమ్మిదిసార్లు చెప్పుకోవడం ఇంకెంత కష్టమో ఆలోచించండి. "బల్బు కోసం వెళ్తే గంటసేపు క్లాసు పీకాడు మేడమ్, ఆఖరికి బల్బు ఇవ్వడం మర్చిపోయాడు," అన్నాడు ఒక డ్రైవరు నాతో. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రోజు నుంచి గీత దాటాకే చెప్పడం మొదలుపెట్టాడు.

నాలుగు నెలల్లో తొమ్మిది మందీ మారారు. గీత అవతలికి వెళ్లి, జీపుని పూర్తిగా ఆపి, వెనక్కి తిరిగి చూసుకుని అప్పుడు చెబుతున్నారు. మునుపటి కంటే పదిహేను సెకన్లు ఎక్కువ. టవర్లో మావాళ్లు సణుగుతారు, విమానాల కంపెనీలు ఉత్తరాలు రాస్తాయి. అయిందా అన్న మాట నేను మానేశాను. నోరు ఊరుకోదు, పళ్లు బిగబట్టి కూర్చుంటాను. మంచి జరిగిందన్న తృప్తి వస్తుందేమోనని చూశాను, రాలేదు. విసుగే వస్తుంది. డ్యూటీ దిగాక ఎక్కడైనా ఒక గంట ఎవరూ ఏమీ అడగని చోట కూర్చోవాలనిపిస్తుంది.

ఒకసారి స్టోర్సుకి వెళ్లి, "పుణ్యం కట్టుకున్నావు బాబాయ్," అన్నాను.

"పుణ్యం లేదు, పాడూ లేదు," అన్నాడు. "మీ పిన్ని వారం రోజులు కంచం నా ముందు పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది."

ఆయన రిటైరయ్యే వారం డ్రైవర్లందరూ కలిసి అర్జీ పెట్టారు, ఆఖరి రౌండుకి అవకాశం ఇవ్వమని. నేనూ సంతకం చేశాను. మచ్చ ఉన్న పర్మిట్‌కి ఆ సౌకర్యం వర్తించదని జవాబొచ్చింది. ఎక్కడా రాసిలేని ఆనవాయితీ వర్తించదని మాత్రం రాసిచ్చారు.

చివరి రోజు సాయంత్రం ఆ గదిలోనే టీ, బిస్కెట్లు. పిన్ని కూడా వచ్చింది. ఆమెని చూడడం నాకదే మొదటిసారి. పొట్టి మనిషి, చురుకైన కళ్లు. డ్రైవర్లు బాబాయి చుట్టూ చేరి ఏదో ఆటపట్టిస్తున్నారు. ఆమె గ్లాసు పక్కన పెట్టి తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"టవర్లో అమ్మాయివి నువ్వేనా?"

"నేనే పిన్నీ." తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను. "మీ రౌండు పోయింది. అంతా నా..."

"రౌండుదేముందిలే. నల్ల రోడ్డేగా, మా వీధిలో లేదా?" అంది. అబద్ధమని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక సంగతి అడుగుతా, చెప్పు. ఏడాదిగా ఈయన నిద్రలో లేచి కూర్చుంటున్నాడు. దాటలేదమ్మా, ఇంకా దాటలేదు, ఆపు అంటాడు. మొదట్లో నన్నే అంటున్నాడనుకుని, ఏం దాటలేదయ్యా, పడుకో అని కసిరేదాన్ని. తర్వాత తెలిసింది, నీతో అంటున్నాడని. ఎవరూ పలకకపోతే తెల్లారేదాకా అలాగే కూర్చుంటాడు."

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"నిజంగా ఎవరైనా అలా చెబితే మీరు పైనుంచి ఏమంటారు? మీరనేది ఉన్నదున్నట్టు చెప్పు."

"విమానాన్ని ఆపాను. మీరు నిదానంగా దాటండి. అంతే పిన్నీ."

"ఇంతేనా?"

"ఇంతే."

"నేనంటే వింటాడంటావా? గొంతు తేడా పట్టేస్తాడేమో."

"వింటాడు," అన్నాను.

అక్కడే నిలబడి, బాబాయి వైపు చూస్తూ, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా చెప్పుకుంది. "విమానాన్ని ఆపాను. మీరు నిదానంగా..." అని ఆగింది. తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టింది. "విమానాన్ని ఆపానయ్యా. నువ్వు నిదానంగా దాటు."